గణకుడు ఊఁ అన్నాడు

జిల్లా ముంపు అంచనా కార్యాలయంలో పనిచేసే కంప్యూటరు ఒక్కటే ఉంది. దాని జబ్బూ ఒక్కటే. ముంపు మ్యాపు తెరిస్తే చచ్చిపోతుంది.

మిగతా ఏ పని చెప్పినా చేస్తుంది. జీతాల బిల్లు కొడుతుంది, పండగ శుభాకాంక్షలు అచ్చేస్తుంది, సూపరింటెండెంటు గారికి పొద్దున్నే వర్జ్యం ఎప్పుడో చూపిస్తుంది. ఏరు పొంగితే ఏ లంకలో ఏ వీధి మునుగుతుందో చూపించమంటే మాత్రం, తెరమీద నీళ్ళు లంకగట్టు దాకా వచ్చి, ఇక ఇళ్ళలోకి అడుగుపెడతాయనగా టప్పున ఆరిపోతుంది.

"మునిగేవోళ్ళని చూళ్ళేదండి. జాలిగుండె" అనేవాడు అటెండరు సింహాద్రి.

ఆ కంప్యూటరు మీద పనిచేసేది పెమ్మాడి నూకరత్నం. కాంట్రాక్టు ఉద్యోగి. వాళ్ళ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి కావడం వల్ల ఆమెకు రూలంటే భయం కాదు, భక్తి. ఆఫీసులో గోడకంటించిన నోటీసులు కూడా పూర్తిగా చదివేది. కంప్యూటరుది జాలిగుండె కాదని ఆమెకు తెలుసు. అంత పెద్ద మ్యాపును బొమ్మ కట్టి చూపించాలంటే లోపల గ్రాఫిక్స్ కార్డు అనే పలక గట్టిది ఉండాలి. ఆ పలకకు చాలినంత కరెంటు అందాలంటే పవర్ సప్లై అనే డబ్బా పెద్దది ఉండాలి. ఉన్నవి రెండూ పసివి. లేగదూడకు కాడి కట్టి మడి దున్నమంటే కూలబడక ఏం చేస్తుంది?

సామాను బజార్లో దొరికేదే. తొందర మాత్రం చిన్నది కాదు. ఆ తొందర పేరు పుల్లేటిలంక.

పుల్లేటిలంక ఏటి మధ్య ఊరు. రత్నం పెద్దమ్మ సత్తెమ్మది ఆ ఊరే. వరదొస్తే ఆ లంక జనాన్ని ఎక్కడికి చేర్చాలో జిల్లా ప్రణాళికలో రాసి ఉంది: ఊరి బడికి. రత్నం చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి ఆ బడి ముందే ఆడుకుంది. చిన్న వాన పడినా ఊరి నీళ్ళన్నీ బడి ముందుకే చేరేవి, అందులో పడవలు వదిలేవాళ్ళు. అంటే ఊరికంటే బడే పల్లంలో ఉందన్నమాట. అదే నిజమైతే, వరదొచ్చిన రోజున ప్రభుత్వం జనాన్ని పొడినేల మీంచి లేపి, జాగ్రత్తగా చెయ్యిపట్టుకుని, నీళ్ళలో దింపుతుంది. కానీ 'కాగితం పడవలు వదిలాను' అన్నది ఫైల్లో సాక్ష్యం కాదు. మ్యాపు చూపించాలి. మ్యాపు చూపించాలంటే కంప్యూటరు బతికి ఉండాలి.

అందుకని ఎండలు తగ్గకముందే ఆమె ఒక అర్జీ రాసింది. "మా ఆఫీసు డెస్క్‌టాప్ కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై అప్‌గ్రేడ్ చేయించగలరు."

సూపరింటెండెంటు చావలి చయనులు గారు ఆ వాక్యాన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"ఇందులో తెలుగు ఎక్కడుందమ్మా?"

"'మా' ఉందండి. చివర్న 'చేయించగలరు' ఉందండి."

ఆ రోజుల్లో తెలుగు అమలు ఉద్యమం ముమ్మరంగా ఉంది. ఫైల్లో ఒక్క పరాయి మాట కనిపించినా సంజాయిషీ అడగాలని ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. దాన్ని సర్క్యులరు అన్నందుకే ఇద్దరు గుమాస్తాలు అప్పటికే సంజాయిషీ ఇచ్చుకున్నారు. చయనులు గారికి మాత్రం అది పండగ. సర్వీసంతా ఇంగ్లీషులో 'పుట్ అప్' అని రాసీ రాసీ విసిగిన మనిషి. సొరుగులోంచి పాత పాలనా పదకోశం తీసి బల్లమీద పెట్టి, అట్టకు దణ్ణం పెట్టుకుని తెరిచారు.

"కంప్యూటర్... కంప్యూటర్... ఇదిగో. గణకుడు."

"గణకుడంటే మనిషిలా ఉందండీ."

"మనిషే. ఈ కోశం అచ్చయ్యేనాటికి యంత్రాలు ఎక్కడివి? కంప్యూటరంటే కూర్చుని లెక్కలు కట్టే గుమాస్తా. ఆ పోస్టు మన సర్వీసు నిబంధనల్లో ఇప్పటికీ ఉంది. ఎవరూ రద్దు చెయ్యలేదు."

"మరి యంత్రాన్ని ఏమనాలండి?"

"యంత్రానికి మాట ఇంకా మంజూరు కాలేదు. డెస్కు అంటే బల్ల. బల్ల గణకుడు. గ్రాఫిక్స్ కార్డు, చిత్రపత్రము. పవర్..." వేలు కిందికి జరిపారు. "అధికారము."

రత్నం గొంతు సవరించుకుంది. "అది కరెంటుకి సంబంధించిందండీ. విద్యుత్తని రాద్దామా?"

"విద్యుత్తని రాశామా, ఫైలు విద్యుత్తు వాళ్ళకు పోతుంది. అక్కడికి పోయింది ఏట్లో కలిపిన చింతపండే. పైగా నువ్వు అడిగింది ఎలక్ట్రిసిటీ కాదు, పవరు. కోశం కాదని నేనెక్కడికి పోతాను?"

సాయంత్రానికి ఫైలు తయారైంది. 'విషయము: ముంపు అంచనా కార్యాలయమునందలి బల్ల గణకునికి చిత్రపత్రము మంజూరు చేయుట మరియు అధికార సరఫరా స్థాయి పెంచుట గురించి.' చయనులు గారు దాన్ని చేతికి దూరంగా పట్టుకుని చూసి, "ఒక్క పరాయి మాట లేదు" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. రత్నానికి లోపల ఏదో పీకుతూనే ఉంది. పెద్దవాళ్ళు రాశారు, చదివే పెద్దవాళ్ళకు తెలుస్తుందిలే అనుకుని ఊరుకుంది.

చదివే పెద్దవాళ్ళకు తెలిసింది. వాళ్ళకు తెలిసినట్టే తెలిసింది.

ప్రధాన కార్యాలయం నుంచి మొదటి జవాబు వచ్చింది. సదరు గణకుని పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, శరీరంపై గుర్తింపు మచ్చలు రెండు, వెంటనే తెలియజేయాలి. రత్నం గాభరాగా, అది మనిషి కాదు, యంత్రమని విన్నవిస్తూ జవాబు రాసింది. చయనులు గారు దాన్ని చక్కటి గ్రాంథికంలోకి తిప్పారు. తిరుగుటపాలో అభినందన వచ్చింది. 'సదరు గణకుడు యంత్రమువలె అహర్నిశలు శ్రమించువాడని నివేదించినందుకు సంతోషము. ఇట్టివారికి తగిన అధికారములు లేకపోవుట శోచనీయము. పరిశీలనకై సంయుక్త సంచాలకులు వచ్చుచున్నారు.'

సంయుక్త సంచాలకులు గరిమెళ్ళ పద్మనాభం గారు నిజంగానే వచ్చారు. పక్కన జిల్లా ఉపసంచాలకులు కంచర్ల ఉమాపతి గారు. ఈ కార్యాలయానికి అధిపతి ఆయనే. బాధ్యత ఎటునుంచి వస్తున్నా నడుం ఒంచి తలమీదుగా పోనివ్వగల నేర్పరి అని పేరు. ఇద్దరూ కంప్యూటరు ముందు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు.

"వీరేనా?" అన్నారు పద్మనాభం గారు.

"సార్, ఇది మిషనండి" అంది రత్నం.

"ప్రభుత్వ యంత్రాంగంలో అందరం యంత్రాలమేనమ్మా. కంటికెలా కనిపించినా నాకు ఇబ్బంది లేదు. మంజూరు చేసే కమిటీ కంటితో చూడదు, ఫైలుతో చూస్తుంది." ఫైలు తిరగేశారు. "ఇంటిపేరు బల్ల వారా. బల్ల వాళ్ళు మావైపు కూడా ఉన్నారు. మర్యాదస్థులు. అనారోగ్యం ఏమైనా?"

"మ్యాపు తెరిస్తే పడిపోతుందండి. అంత పని చేసే పవరు లేదండి."

పద్మనాభం గారు కలం ఆపి ఉమాపతి గారి వైపు బాధగా చూశారు. "విన్నారా? పవరు లేకుండా పని చెబితే ఎవరైనా పడిపోతారు. నేను ఆ బాధ పడినవాణ్ణే. మూడు జిల్లాలకు అధికారిని, గుమాస్తా సెలవు మంజూరు చేసే అధికారం లేదు. బీపీ అప్పుడే వచ్చింది." కంప్యూటరు వైపు వంగారు. "ఏమండీ గణకుడు గారూ, ఒత్తిడిని తట్టుకోగలరా?"

లోపల ఫ్యాను తిరుగుతోంది. ఊఁ.

"పైవారి ఆదేశాలు పాటిస్తారా?"

ఊఁ.

"ఏ విషయంలోనైనా మీకు సొంత అభిప్రాయాలున్నాయా?"

చాలాసేపట్నుంచి ఎవరూ ముట్టుకోకపోవడంతో తెర నల్లబడింది.

"అడగ్గానే కళ్ళు దించుకున్నారు" అన్నారు పద్మనాభం గారు మెచ్చుకోలుగా. "ఈ కాలంలో ఇంత వినయం ఎక్కడుంది ఉమాపతీ?"

రత్నం చయనులు గారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కాకిని చూస్తున్నారు.

ఉత్తర్వులు అనుకున్నదానికంటే తొందరగా వచ్చాయి. శ్రీ బల్ల గణకుడు గారు అధికారి హోదాకు పెంచబడ్డారు. వారి ఆమోదం గుండ్రటి రబ్బరు ముద్ర ద్వారా తెలియజేయబడుతుంది. వారు గదిలో ఊఁ అన్న పిమ్మట ముద్ర వేయవలసినది అటెండరు సింహాద్రి. చిత్రపత్రం కూడా వచ్చింది, నీలం తాడుకు వేలాడుతూ. దానిమీద కంప్యూటరు ఫోటో, కింద పేరు, హోదా. రక్తవర్గం అన్నచోట 'తెలియదు' అని ఉంది. సింహాద్రి ఆ తాడు తెచ్చి తెరకు దండలా వేశాడు.

"కార్డొచ్చేసిందిగా అమ్మాయిగారూ, ఇంకేటి బెంగ?" అన్నాడు.

ఉమాపతి గారు ఆ ఉత్తర్వు చదివిన రోజు భోజనం మామూలుకంటే ఎక్కువ తిన్నారని వాళ్ళ క్యారేజీ తెచ్చే మనిషి చెప్పాడు. మధ్యాహ్నమే తన అధికారాల్లో కొన్నింటిని గణకుడు గారికి బదలాయించారు. ఏ ఊరిని ఖాళీ చేయించాలి, ఎప్పుడు చేయించాలి, ఎక్కడికి చేర్చాలి, గట్టు తెగితే ఎవరిని అనాలి, ఇవన్నీ ఇక గణకుడు గారివి. వాహనం, వేదిక మీద కుర్చీ, దండ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. అంత కొత్త అధికారి మీద భారం మోపకూడదని.

ఒక్క మేలు జరిగింది. కంప్యూటరుకు విడిగా చల్లటి గది ఇచ్చారు. బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. రత్నం మాత్రం లోపలికి వెళ్ళాలంటే చీటీ రాసి పంపాలి. సింహాద్రి చీటీ తీసుకెళ్ళి కంప్యూటరు ముందు పెట్టి, ఊఁ అన్నాక బయటికొచ్చి, "రమ్మంటున్నారండి" అనేవాడు. అర్జీదార్లు కూడా రావడం మొదలుపెట్టారు. గుమ్మంలో చెప్పులు విప్పి, కండువా భుజం మీంచి తీసి, కష్టం చెప్పుకుని, ఊఁ అనిపించుకుని వెళ్ళేవాళ్ళు.

"ఇన్నాళ్ళకి ఇనే ఆపీసరొచ్చాడు" అన్నాడు ఒక రైతు, మెట్లు దిగుతూ.

మ్యాపు తెరిస్తే మాత్రం గణకుడు గారు ఎప్పట్లాగే ఆరిపోయేవారు.

అంతలో వానలు పట్టాయి. ఎగువన ఎక్కడెక్కడి వాగులన్నీ కలిసి ఏరు ఎర్రబడింది. రత్నం ఇక ఆగలేక ఉమాపతి గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, పుల్లేటిలంక బడి పల్లంలో ఉందండి. అక్కడికి చేరిస్తే ప్రమాదమండి. అవతలి గట్టున కొబ్బరిపీచు గోదాములున్నాయి, ఎత్తుమీద. అక్కడికి మార్చి రాయండి సార్."

"నేనా?" ఉమాపతి గారు ఆశ్చర్యంగా తన ఛాతీమీద వేలు పెట్టుకున్నారు. "నాకా పవరు లేదమ్మా. గణకుడు గారికి ఇచ్చేశాను. ఒకసారి ఇచ్చినదాంట్లో వేలు పెడితే ఆయన మనసు కష్టపడదూ?"

"ఆయన... అది మ్యాపు చూడలేదండి సార్. ఆరిపోతోంది."

"అయితే వారి ఆరోగ్యం కుదుటపడేదాకా ఆగు. తొందరపడి అధికారుల్ని విసిగించకూడదు. నువ్వు కాంట్రాక్టు మనిషివి కదా, నీ మంచికే చెబుతున్నాను."

బయటికి రాగానే ఫోను మోగింది. పెద్దమ్మ సత్తెమ్మ.

"ఏమే రత్నం, బళ్ళోకి పోవాలంట. టముకేత్తన్నారు. రేపటికల్లా సర్దుకోమన్నారు. పక్కింటి ఎంగట్రావు కోళ్ళు కూడా తెత్తానంటన్నాడు, ఆళ్ళేవో వొద్దంటన్నారు. బళ్ళో బాగానే ఉంటదంటావా? నీకు తెలుత్తది కదా, నువ్వా ఆపీసులోనే ఉంటివి."

రత్నం ఫోను రెండో చెవికి మార్చుకుంది. తెలియాల్సిన ఆఫీసులోనే ఉంది. తెలియాల్సిన పనే చేస్తోంది. బాగానే ఉంటుందని అంటే పెద్దమ్మ మూట కట్టుకుని బడికి నడుస్తుంది. ఉండదంటే, ఎలా తెలుసే అంటుంది.

"మళ్ళీ చేస్తాను పెద్దమ్మా" అంది.

బస్టాండు వెనక సందులో గెల్లా వీరబాబు గేముల సెంటరు ఉంది. ఒకప్పుడు ఎస్టీడీ బూతు, తరవాత జెరాక్సు, ఇప్పుడు ఇది. గాజుతలుపు తియ్యగానే తుపాకులు పేలుతుంటాయి. వరసగా కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు తెరల మీద ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటుంటారు. ఒక్కో పెట్టెలోంచీ రంగురంగుల వెలుతురు. ప్రభుత్వం వేసవి నుంచీ ఆలోచిస్తున్న కార్డూ, డబ్బా ఆ సందులో గంటలెక్కన అద్దెకు దొరుకుతున్నాయి.

ఆఫీసు సమాచారం బయటికి తీసుకెళ్ళకూడదన్న నోటీసు గోడమీద ఉంది. రత్నం దాన్ని రోజూ చదివేది. ఆ సాయంత్రం కూడా చదివింది. చదివి, మ్యాపును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, బ్యాగులో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని వచ్చింది.

"ఏవమ్మా రత్నం, నువ్వూ ఆడతావా?" అన్నాడు వీరబాబు.

"ఆడటానికి కాదు వీరబాబు గారూ. ఏరు ఎంతదాకా వస్తుందో చూడాలి."

"చివరి సీటు ఖాళీగా ఉంది. దాని పెట్టె మంచి బలమైంది. ఎంత కాల్చుకున్నా వేడెక్కదు."

మ్యాపు తెరుచుకుంది. నీలిరంగు నీళ్ళు ఏటిలోంచి లేచి గట్టుదాకా వచ్చాయి. రత్నం కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఇన్ని నెలలూ అక్కడే ఆరిపోయేది. ఈసారి ఆరిపోలేదు. నీళ్ళు గట్టు దాటాయి. ఊరి వీధుల్ని వదిలేసి, వంకర తిరిగి, చిన్నప్పుడు కాగితం పడవలు పోయిన దారినే పోయాయి. మొదట బడి మెట్లు మునిగాయి. ఆ తరవాత బడి కిటికీలు. ఆ తరవాత బడే కనబడలేదు. ఎత్తుమీద గోదాములు మాత్రం చివరిదాకా పొడిగానే ఉన్నాయి.

వెనక సీట్లో ఎవడో, "పోయారు, పోయారు, అందరూ పోయారు" అని అరిచాడు. తెరమీద ఎవర్నో కాల్చాడు. రత్నం ఉలిక్కిపడి లేచింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడింది. చీటీ పంపింది. ఊఁ అనిపించుకుని లోపలికెళ్ళింది. గణకుడు గారి మీదే మూడు వాక్యాలు కొట్టి, అచ్చు తీసింది. 'పుల్లేటిలంక బడి ముందుగా మునుగును. కావున లంకవాసులను బడికి గాక, అవతలి గట్టునగల కొబ్బరిపీచు గోదాములకు ఈ దినమే చేర్చవలెను. ఇందుకు తగిన పడవలు ఏర్పాటు చేయవలెను. ఇట్లు, బల్ల గణకుడు.' ఆ ఆఖరి పేరు అక్షరం అక్షరం చూసుకుని కొట్టింది.

సింహాద్రి ముద్ర, సిరా పట్టుకుని నిలబడ్డాడు. "సారు చూశారా?"

"తెర మీదే ఉంది."

"ఏటన్నారు?"

రత్నానికి అబద్ధం అలవాటు లేదు. "నువ్వే అడుగు బాబాయ్" అంది.

సింహాద్రి చెప్పులు విప్పి లోపలికెళ్ళి, వంగి, మెల్లిగా అడిగాడు. "సారూ, పుల్లేటిలంకోళ్ళని గోడౌన్లకి మార్సీమంటారా? ముద్రేసీమంటారా?"

ఊఁ.

ముద్ర పడింది.

కాంట్రాక్టు మనిషి నెలల తరబడి చెప్పినా కదలని ప్రభుత్వం, రబ్బరు ముద్ర చూడగానే పరిగెత్తింది. మధ్యాహ్నానికల్లా పడవలు వచ్చాయి. గోదాముల తాళాలు తీశారు. టముకు వేసినవాడే మళ్ళీ ఊరంతా తిరిగి, బడికి కాదు గోదాముకని చాటాడు. వెంకట్రావు కోళ్ళు కూడా పడవెక్కాయి, వాటి గురించి ఉత్తర్వులో ఏమీ లేదు కాబట్టి.

ఆ తరవాతి పొద్దుకు ఏరు గట్టు దాటింది.

బడి కప్పు మీద ఒక కొంగ వాలి ఉందని, చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదని వార్తల్లో చూపించారు. గోదాములో పీచుమూటల మీద కూర్చున్న సత్తెమ్మ ఫోను చేసింది.

"ఒళ్ళంతా దురదలే రత్నం, ఈ పీచుకి. అయినా పర్లేదు. అందరం ఉన్నాం. మీ ఆపీసరెవరోగాని సల్లగుండాలి. ఏటో గణకుడంట కదా, ఏ ఊరోడే?"

"మన బల్లమీదోడే పెద్దమ్మా" అంది రత్నం. ఫోను పెట్టేసి చాలాసేపు ముక్కు చీదుకుంది.

వరద తగ్గాక లంకవాళ్ళు అరటిగెలతో వచ్చి గణకుడు గారికి దణ్ణం పెట్టి వెళ్ళారు. అది పత్రికల్లో పడింది. ఫోటోలో ఉమాపతి గారు లేరు. ఆ వారంలోనే గణకుడు గారికి అభియోగపత్రం వచ్చింది. ఆమోదించిన ప్రణాళికను పైవారి అనుమతి లేకుండా మార్చారు. గోదాముల యజమానిని సంప్రదించలేదు. కోళ్ళను ప్రభుత్వ పడవల్లో ఎక్కనిచ్చారు. విచారణ పూర్తయ్యేదాకా సస్పెన్షను. సస్పెన్షనులో ఉన్న అధికారికి నిబంధనల ప్రకారం జీవనభృతిగా సగమే చెల్లించాలి కాబట్టి, ఆ గదికి కరెంటు ఒక్క పూటే ఇవ్వాలని ఆదేశించారు. చల్లటి యంత్రం పీకేశారు. తాడుకు వేలాడే చిత్రపత్రం వెనక్కి తీసుకున్నారు.

విచారణకు పద్మనాభం గారే వచ్చారు. రత్నం రాత్రంతా మననం చేసుకున్న మాట, ఆయన కూర్చోకముందే చెప్పేసింది.

"సార్, ఆ ఆర్డరు రాసింది నేనండి. తప్పయితే నాదేనండి. దానికేం తెలీదు."

పద్మనాభం గారు నిబంధనల పుస్తకం తెరిచి చూసి, మూసి, ఆమె వైపు జాలిగా చూశారు. "కాంట్రాక్టు సిబ్బందికి ఆదేశాలిచ్చే అధికారం లేదు. అధికారం లేనప్పుడు నువ్వు ఇచ్చి ఉండే అవకాశం లేదు. లేని అవకాశాన్ని ఉందని చెప్పి విచారణను పక్కదారి పట్టించకు తల్లీ." ఆకుపచ్చ గుడ్డ మీద ఉన్న కంప్యూటరు వైపు తిరిగారు. "గణకుడు గారూ. ప్రణాళికను మార్చింది మీరేనా?"

ఊఁ.

"చేసింది తప్పని ఒప్పుకుంటారా?"

ఊఁ.

"ఒప్పుకున్నారు. రాసుకోండి" అన్నారు చయనులు గారితో. ఆయన రాసుకున్నారు. చెయ్యి మాత్రం మెల్లిగా కదిలింది.

"కానీ ఒక్క సంగతి" అన్నారు పద్మనాభం గారు. "బడి మునుగుతుందని ఈయనకు ఎలా తెలిసింది? మ్యాపు చూస్తే పడిపోయే మనిషి కదా."

రత్నానికి నిజం తప్ప ఇంకోటి చెప్పడం రాదు. "ఈయన చూడలేదండి. బస్టాండు వెనక వీరబాబు గారి సెంటర్లో ఇంకో కంప్యూటరు ఉందండి. అది చూసిందండి. దానికి పవరు ఉందండి."

పద్మనాభం గారి కలం గాల్లో ఆగింది.

"పవరున్న గణకుడు ఇంకొకరున్నారా? ఈ జిల్లాలోనే? మ్యాపు చూసినా పడిపోరా?"

"పడిపోరండి."

"ఏం ఉమాపతీ? ఇక్కడ పోస్టు ఖాళీ అవుతోంది. తుపాను హెచ్చరికలు వస్తున్నాయి. పోస్టు ఖాళీగా ఉంచితే ఆ అధికారాలన్నీ మళ్ళీ మీ దగ్గరికే వస్తాయి."

ఉమాపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదనపు బాధ్యతలు ఇచ్చేద్దాం సార్. ఇవ్వాళే."

అలా ప్రభుత్వ ఉత్తర్వు వీరబాబు గేముల సెంటరుకు చేరింది. చివరి సీటు గణకుడు గారు తమ విధులకు అదనంగా ముంపు అంచనా అధికారి బాధ్యతలు కూడా తక్షణం స్వీకరించాలి. వీరబాబు ఆ కాగితం రెండువైపులా తిప్పి చూసి, "దీనికి నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడు. "ఏం లేదండి, ఆ సీట్లో ఇంకెవర్నీ కూర్చోపెట్టకండి" అంది రత్నం. కుర్రాళ్ళు కాసేపు గొణిగి పక్కసీట్లకు సర్దుకున్నారు. సింహాద్రి పీట వేసుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు, ఒళ్ళో ముద్ర, సిరా. ఉమాపతి గారు సందులో జీపు పట్టక నడిచి వచ్చి, తుపాకీ మోతల మధ్య, తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫైలు మోసుకొచ్చిన చయనులు గారు రత్నం పక్కకు వంగి, చెవిలో అడిగారు.

"కొత్త ఫైల్లో పవర్ అంటే ఏం రాయమంటావమ్మా?"

"పవర్ అనే రాయండి మాస్టారూ."

"సంజాయిషీ అడుగుతారేమో."

"ఇద్దరం ఇద్దాంలెండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కలం మూత తీసి, పవర్ అని రాశారు.

రత్నం మ్యాపు తెరిచింది. ఈసారి ఒక్క పుల్లేటిలంక కాదు, ఏరు పొడుగునా ఉన్న లంకలన్నీ. నీళ్ళు లేచాయి. గట్లు దాటాయి. ఇళ్ళలోకి అడుగుపెట్టాయి. ఇంకో రెండు ఊళ్ళలో బడులు నీలంగా మారాయి. ఆమె ఆ ఊళ్ళ పేర్లు చూసుకుంటూ ఉత్తర్వు కొట్టడం మొదలుపెట్టింది.

"ఏం చెయ్యమంటారండీ?" అని వినయంగా అడిగారు ఉమాపతి గారు. ఆమెను కాదు.

పెట్టెలో పెద్ద ఫ్యాను తిరుగుతోంది. ఊఁఁఁ.

"గొంతులోనే తెలుస్తోంది, పవరున్న మనిషని" అన్నారాయన, సింహాద్రి వైపు తిరిగి ముద్ర వెయ్యమన్నట్టు తల ఊపుతూ.

సింహాద్రి ముద్ర ఎత్తి పట్టుకుని, తెరమీద ఒక్కో వీధినీ మింగుతున్న నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఈ సారుకి జాలి లేదండి అమ్మాయిగారూ" అన్నాడు కాసేపటికి. "మునిగేవోళ్ళని ఆఖరిదాకా సూత్తన్నాడు."